పురుగు మందుకు అలవాటు పడుతుందా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. మీరు మీ సబ్జెక్టు చెప్పండి, కాకపోతే అందరికీ అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. నా సబ్జెక్టు జన్యుశాస్త్రం. అందులోనూ ఈగలు. స్వర్ణోత్సవానికి పిలిస్తే ఈగల గురించి మాట్లాడతాడేమిటని ఎవరూ అనుకోకండి. మనలో చాలామందిమి సేద్యం చేసే ఇళ్లలోంచి వచ్చినవాళ్లం. ఈగ చెప్పే సంగతి మన ఇళ్లకు సంబంధించినదే.

మన వైపు ఒక మాట ఉంది: "పురుగు మందుకు అలవాటు పడిపోయింది." పత్తి చేలోనూ, మిరప తోటలోనూ, మందుల షాపు అరుగు మీదా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. నాలుక కారానికి అలవాటు పడుతుంది. మనిషి చుట్టకో, కాఫీకో అలవాటు పడతాడు. పురుగు కూడా అలాగే అలవాటు పడేదైతే మనకు ఇబ్బందే లేదు. కొన్నాళ్లు మాన్పిస్తే అలవాటు తప్పిపోయేది. జరిగేది అది కాదు. ఏ ఒక్క పురుగూ మందుకు అలవాటు పడదు. ఆ రోజు మందు తగిలిన పురుగు చస్తుంది, లేదా బతుకుతుంది. బతికిందంటే, దాన్ని బతికించిన గుణం చాలాసార్లు పుట్టుకతోనే దాని జన్యువుల్లో ఉంది. మందు పురుగును మార్చదు, పురుగుల్లోంచి కొన్నింటిని ఏరి పెడుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చే సంగతి పక్కన పెట్టి స్థూలంగా వేస్తున్నాను. ఒకచోట లక్ష ఈగలున్నాయనుకోండి. అందులో మందును తట్టుకునేవి పది మాత్రమే. మందు మామూలు ఈగల్లో నూటికి 99 చంపుతుంది. మొదటిసారి కొట్టాక మామూలువి వెయ్యి మిగులుతాయి, తట్టుకునేవి ఆ పదీ మిగులుతాయి. పదివేలకు ఒకటిగా ఉన్నది నూటికి ఒకటైంది. ఈగలు మళ్లీ పెరిగి లక్ష అయ్యాయి. రెండోసారి కొట్టేసరికి రెండు రకాలూ సగం సగం అవుతాయి. మళ్లీ లక్ష అయ్యాక మూడోసారి కొడితే సగానికి సగం చావవు. రైతు వైపు నుంచి చూడండి. మొదటిసారి నూటికి 99 చచ్చాయి, రెండోసారి 98 చచ్చాయి. మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందనే అనుకుంటాడు. మూడోసారి హఠాత్తుగా "కల్తీ మందు అంటగట్టారు" అంటాడు. కల్తీ మందులు లేవని నేను అనను. కానీ మందు అసలైనదైనా ఇదే జరుగుతుంది.

ఇది కాగితం మీద లెక్క. నిజంగా జరిగిన కథ ఆస్ట్రేలియాలో ఉంది. ఈ విషయంలో అంతగా తవ్వి చూసిన కథలు అరుదు. అక్కడ గొర్రెల పెంపకందారులకు ప్రాణాంతకమైన ఈగ ఒకటి ఉంది. శాస్త్రీయ నామం లూసీలియా కుప్రీనా. కుప్రీనా అంటే రాగి రంగుది. మన చేపల మార్కెట్లో ఆకుపచ్చగా మెరుస్తూ ముసిరే ఈగల జాతే. పుండు మీద ఈగ వాలితే పురుగులు పడతాయని మన పశువుల కాపరులందరికీ తెలుసు. ఈ ఈగకు పుండు కూడా అక్కర్లేదు. వానకో, మూత్రానికో తడిసి మురికిపట్టిన ఉన్ని చాలు. బతికున్న గొర్రె మీదే గుడ్లు పెడుతుంది. ఒక రోజులోపే పిల్ల పురుగులు వచ్చి చర్మాన్ని, మాంసాన్ని తినడం మొదలుపెడతాయి. పట్టించుకోకపోతే గొర్రె చస్తుంది.

1950ల మధ్యలో దీని మీద డీల్‌డ్రిన్ అనే మందు ప్రయోగించారు. రెండు మూడేళ్లకే తట్టుకునే ఈగలు కనిపించాయి. ఆ మందును పక్కన పెట్టి డయాజినాన్ పట్టుకున్నారు. అది ఆర్గానోఫాస్ఫేట్ తరగతి మందు, మనకు తెలిసిన మోనోక్రోటోఫాస్‌కు దాయాది. 1965 నాటికి దానికీ లొంగని ఈగలు బయటపడ్డాయి. మరో దారి లేక ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అదే వాడారు. పొలాల్లోని ఈగల్లో దాదాపు అన్నీ లొంగనివే అయ్యాయి.

ఈగ లోపల ఏం జరిగింది? ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల మీద పనిచేస్తాయి. ఒక నరం నుంచి ఇంకో నరానికి కబురు మోసే రసాయనాన్ని, పని అయ్యాక ఒక ఎంజైమ్ తుడిచేస్తుంది. ఈ మందు ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, ఈగ కొట్టుకుని కొట్టుకుని చస్తుంది. మందు ఒంటి మీద పడ్డ మనిషికీ జరిగేది అదే. అందుకే ఆస్పత్రిలో అట్రోపిన్ ఎక్కిస్తారు.

ఈగ ఒంట్లో ఎస్టరేజ్ అనే మరో ఎంజైమ్ ఉంది. వందల ఆమినో ఆమ్లాల గొలుసు అది. అందులో 137వ స్థానంలో గ్లైసిన్ ఉండాలి. దాని బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చి చేరితే, ఆ ఎంజైమ్ తన పాత పనిని చాలావరకు పోగొట్టుకుని, కొత్తగా మందును విరగ్గొట్టడం నేర్చుకుంటుంది. జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే చాలు, ఇంత పని జరుగుతుంది. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ మార్పును పట్టుకున్నారు. మరో రెండేళ్లకు ఇళ్లలో తిరిగే మామూలు ఈగలోనూ సరిగ్గా అదే స్థానంలో అదే మార్పు దొరికింది. రెండు వేర్వేరు జాతులు ఒకే తాళానికి ఒకే తాళంచెవి చేసుకున్నాయన్నమాట.

ఈ మార్పు మందు రాకముందు నుంచీ ఉందా, వచ్చాక పుట్టిందా? దీనికి జవాబు మ్యూజియం పెట్టెల్లో దొరికింది. ఆర్గానోఫాస్ఫేట్లు రాకముందు పట్టి సూదులకు గుచ్చి దాచిన ఈగల డీఎన్ఏ తీసి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి. ఇదే తరగతికి చెందిన మలాథియాన్‌ను తట్టుకునే మార్పు ఆ పాత ఈగల్లో అప్పటికే ఉంది. డయాజినాన్‌ను తట్టుకునే మార్పు మాత్రం పరీక్షించినవాటిలో కనిపించలేదు. అంటే ఒకదానికి మందు రాకముందే ఏర్పాటు ఉంది. రెండోది అప్పటికి ఉండి ఉంటే చాలా అరుదుగా ఉండి ఉండాలి, లేదా తర్వాత పుట్టి ఉండాలి. ఎలా చూసినా మందు చేసింది ఏరడమే.

ఇక ఈ ఉపన్యాసానికి నేను ఎంచుకున్న అసలు విషయానికి వస్తాను. పని మార్చుకున్న ఎంజైమ్ ఈగకు ఊరికే రాదు, దానికో ఖరీదు ఉంటుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మెకెంజీ, ఆయన సహచరులు ఈ ఖరీదును ఏళ్ల తరబడి కొలిచారు. నిరోధకత కొత్తగా వచ్చిన రోజుల్లో, మందు లేని చోట ఆ ఈగలు మామూలు ఈగల కంటే వెనకబడేవి. గుడ్డు నుంచి ఈగ కావడానికి ఎక్కువ రోజులు పట్టేది. తక్కువ బతికేవి.

ఖరీదును ఇంకో చిత్రమైన పద్ధతిలో కూడా కొలిచారు, వెంట్రుకలు లెక్కపెట్టి. మనం తొమ్మిదో పదో తరగతిలో ద్విపార్శ్వ సౌష్ఠవం అని చదువుకున్నాం. కుడి ఎడమలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మలా ఉండడం. ఈగ తల మీద, ఛాతీ పక్కన, రెక్కల ఈనెల మీద బిరుసైన వెంట్రుకలుంటాయి. కుడి వైపునూ ఎడమ వైపునూ తయారు చేసేది ఒకే ఈగలోని అవే జన్యువులు. తిన్న తిండీ ఒకటే. అయినా కుడి పక్క లెక్క ఒకటి, ఎడమ పక్క లెక్క ఇంకొకటి వచ్చిందంటే, ఆ ఒళ్లు తయారయ్యేటప్పుడు ఎక్కడో తడబడిందని అర్థం. 1980లలో మెకెంజీ, జెఫ్ క్లార్క్ కలిసి ఈ తేడాలు లెక్కపెట్టారు. నిరోధక జన్యువు పాత రకం ఈగలో ఉన్నప్పుడు కుడి ఎడమల తేడా పెరిగింది. మందును తట్టుకునే శక్తి ఎదుగుదలను కూడా కదిలించిందన్నమాట.

ఇంతవరకు వింటే రైతుకు ధైర్యం కలుగుతుంది. "అయితే కొన్నాళ్లు మందు ఆపితే ఆ కుంటి ఈగలు వాటంతట అవే తగ్గిపోతాయి కదా!" మొదట్లో అది నిజమే. కానీ డయాజినాన్‌ను ఆపలేదు. ఏళ్లు గడిచాక పొలాల నుంచి తెచ్చిన నిరోధక ఈగలను పరీక్షిస్తే, ఎదుగుదలలో ఆలస్యం లేదు, కుడి ఎడమల్లో తేడా లేదు. మామూలు ఈగలతో సమానంగా ఉన్నాయి. ఖరీదు మాఫీ అయిపోయింది!

ఎలా? పాత ఇంట్లో ఏసీ బిగించడం లాంటిదే ఇది. పాత వైరింగు ఆ బరువు మోయలేదు. ఫ్యూజు పోతుంది, లైట్లు మినుకుమంటాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరింగు మార్చాడనుకోండి. ఏసీ నడుస్తుంది, ఫ్యానూ తిరుగుతుంది. ఇక చలికాలం వచ్చినా ఏసీని ఊడబీకాల్సిన పని ఉండదు. ఈగలోనూ అదే జరిగింది. నిరోధక జన్యువు నాలుగో క్రోమోజోమ్ మీద ఉంది. దాన్ని సర్దిన మరో జన్యువు మూడో క్రోమోజోమ్ మీద ఉంది. రుజువు కూడా ముచ్చటైనదే. పొలం నుంచి తెచ్చిన నిరోధక ఈగను, మందు ఎరగని ప్రయోగశాల ఈగలతో తరాల తరబడి సంకరం చేస్తూ, నిరోధక జన్యువును మాత్రం నిలిపి మిగతాదంతా పాత రకంగా మార్చారు. అంటే అదే ఏసీని మళ్లీ పాత వైరింగు ఇంట్లో బిగించారు. ఫ్యూజు మళ్లీ పోయింది. ఎదుగుదల తడబడింది, కుడి ఎడమల తేడా తిరిగొచ్చింది.

ఆ సర్దిన జన్యువు ఏదో వెతికారు. ఫిలిప్ బాటర్‌హామ్, మెకెంజీ బృందం 1996లో ప్రకటించిన ఫలితాల ప్రకారం బలమైన అనుమానితుడు నాచ్ అనే జన్యువుకు ఈ ఈగలోని రూపం. జీవశాస్త్రం ఉపాధ్యాయులకు ఈ పేరు పరిచయమే. మోర్గాన్ పండు ఈగల కాలంలోనే రెక్క అంచున గంటు పడిన ఈగలు దొరికాయి, గంటు అనే అర్థంలోనే ఆ పేరు. పక్కపక్కనున్న కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి నాచ్ పనికొస్తుంది. చర్మం మీద కణాల గుంపులో ఒక కణం "నేను వెంట్రుకనవుతాను, మీరు కావద్దు" అని చుట్టుపక్కల వాటికి చెప్పేది దీని ద్వారానే. వెంట్రుకల లెక్క కుదిరించిన జన్యువు, వెంట్రుక ఎక్కడ మొలవాలో తేల్చే జన్యువే కావడం ఎంత పొందికగా ఉందో చూడండి. మనిషి శరీరంలోనూ నాచ్ జన్యువులు ఉన్నాయి.

మొదట చెప్పిన డీల్‌డ్రిన్‌ను దీని పక్కన పెట్టి చూడండి. ఆ మందును కొద్ది ఏళ్లకే ఆపేశారు. దాన్ని తట్టుకునే ఈగలకు ఖరీదు అలాగే ఉండిపోయింది. కుడి ఎడమల తేడా పోలేదు. చలికాలం మట్టిలో గడిపి వసంతంలో బయటికి రావడంలో అవి మామూలువాటి కంటే వెనకబడ్డాయి. వైరింగు మార్చుకునేంత వ్యవధి వాటికి దొరకలేదని దీన్ని అర్థం చేసుకోవచ్చు. ఒకే ఈగ, రెండు మందులు, రెండు ముగింపులు. నేను ఇక్కడికి పట్టుకొచ్చిన మాట ఇదొక్కటే: నిరోధకత కనిపించిన తొలి రోజుల్లో వెనక్కి వెళ్లే దారి ఒకటి తెరిచి ఉండవచ్చు. అదే మందును పట్టుకు వేలాడితే ఆ దారిని మనమే మూసేస్తాం.

కొన్నిసార్లు ఆ దారి మొదటి నుంచే ఉండదు కూడా. అరటిపండు మీద ముసిరే చిన్న పండు ఈగలో డీడీటీని తట్టుకునే మార్పు ఒకటి ప్రపంచమంతా పాకింది. ఒక జన్యువు పక్కన డీఎన్ఏ ముక్క ఒకటి వచ్చి చేరడంతో విషాన్ని విరిచే ఎంజైమ్ ఎక్కువగా తయారవుతుందని 2002లో తేలింది. దానికి ఖరీదేమైనా ఉందా అని చూస్తే 2005లో వచ్చిన పరిశోధనలో ఏమీ కనిపించలేదు. డీడీటీ వాడకం తగ్గిపోయినా ఆ మార్పు మాత్రం ఈగల్లో నిలిచే ఉంది.

మన పొలాలకు వద్దాం. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెత్రాయిడ్లకు లొంగలేదు. అది ఈగ కాదు, రెక్కల పురుగు. నియమం మాత్రం ఒకటే. ఆ సంవత్సరం అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్న రైతుల సంగతి ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు రైతు ఏం చేశాడు? ఒక మందు పనిచేయకపోతే ఇంకోటి కొన్నాడు. సైపర్‌మెత్రిన్ పోయి ఫెన్వలరేట్ వచ్చింది. డబ్బా మారింది, బొమ్మ మారింది, తరగతి మారలేదు. రెండూ పైరెత్రాయిడ్లే. రెండూ నరంలోని ఒకే ద్వారం మీద పనిచేస్తాయి. డీడీటీ పనిచేసేదీ ఆ ద్వారం మీదే. దాన్ని మార్చుకున్న పురుగుకు ఏ కంపెనీ డబ్బా అయినా ఒకటే.

2002లో బీటీ పత్తి వచ్చింది. 450 గ్రాముల విత్తనం ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల బీటీ కాని విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ వేయమని. "పురుగు తినే పత్తిని డబ్బులిచ్చి ఎవడేస్తాడు?" అని చాలామంది ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీద పారేశారు. ఆ చిన్న ప్యాకెట్ ఎందుకో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు తక్కువ. బీటీని తట్టుకున్న ఒకటీ అరా పురుగు, తనలాంటి మరో పురుగుతో కలిస్తే పిల్లలన్నీ తట్టుకునేవే పుడతాయి. పక్కన మామూలు పత్తి మీద పెరిగిన వేలాది మామూలు పురుగులు ఉంటే, వాటితో కలిసే అవకాశమే ఎక్కువ. ఆ పిల్లల్లో తట్టుకునే గుణం పలచబడుతుంది. అది పురుగుకు వేసిన మేత కాదు, బీటీకి కట్టిన బీమా. గులాబీ రంగు పురుగు ఇవాళ బీటీ కాయల్లో దర్జాగా ఉండడానికి కట్టని ఆ బీమా కూడా ఒక కారణం.

ఇక్కడ సేద్యం చేస్తున్న మిత్రులకు నేను చెప్పగలిగేవి నాలుగు మాటలు. మందు పనితనం కొంచెం తగ్గినట్టు అనిపించిన రోజే జాగ్రత్త పడండి, పూర్తిగా పోయేదాకా ఆగకండి. మందు మార్చేటప్పుడు కంపెనీ పేరు కాదు, తరగతి మారిందా అని అడగండి. లొంగని పురుగు మీద డోసు పెంచితే ముందు చచ్చేది అక్షింతల పురుగులు, సాలీళ్లు, అంటే మన తరఫున పనిచేసే సైన్యం. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. కొట్టాల్సిన అవసరం లేనప్పుడు కొట్టకండి. కొట్టని ప్రతిసారీ ఏరివేత ఒకసారి తప్పుతుంది.

చివరగా బడి గురించి. సంఘం స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని ఉదయం నుంచి చర్చ జరుగుతోంది. ఆర్చి కడదామన్నారు, మంచిదే. నా విన్నపం చిన్నది. సైన్సు గదికి రెండు డిసెక్టింగ్ మైక్రోస్కోపులు కొనిపెట్టండి. మిగతా సరంజామాకు ఖర్చే లేదు. సీసాలో మగ్గిన అరటిపండు ముక్క వేసి కిటికీలో పెడితే పండు ఈగలు వాటంతట అవే వస్తాయి. మూతికి దూది పెడితే చాలు. మన వాతావరణంలో పది పన్నెండు రోజుల్లో గుడ్డు ఈగవుతుంది. సీసాను కాసేపు మంచు మీద ఉంచితే ఈగలు కదలకుండా పడుకుంటాయి, వెచ్చబడగానే లేస్తాయి. ఆ కాసేపట్లో పిల్లలు కుడి పక్క వెంట్రుకలు, ఎడమ పక్క వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. మెకెంజీ, క్లార్క్ చేసింది ఆ పనే. ఉపాధ్యాయ మిత్రులు పిలిస్తే మొదటి నెల నేనే వచ్చి చూపిస్తాను.

ఆ పిల్లల్లో కొందరైనా సాయంత్రం ఇంటికెళ్లి, మందు డబ్బా పట్టుకున్న నాన్నతో "అలవాటు పడటం కాదు నాన్నా, మనమే ఏరుతున్నాం" అని చెబితే, ఆ రెండు మైక్రోస్కోపుల ఖర్చు ఒక్క పంటలో తిరిగొస్తుంది.